వబా ఏ దర్వాజా నుంచి వచ్చింది?



"కరోనా మన ముల్క్‌కి ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు?" ఇన్నేళ్ళయినా మన పిల్లలు ఈ మాట అడుగుతూనే ఉన్నారు. పెద్దవాళ్ళు కొందరు జవాబ్ చెప్పలేక టాపిక్ మార్చేస్తారు. కొందరు కోపంతో ఊగిపోతారు. నేను మాత్రం ఈ మాటను రెండు ముక్కలుగా విడగొట్టాలంటాను. "ఎప్పుడొచ్చింది" అనేది తారీఖ్ అడిగే ప్రశ్న. దానికి సబూత్ వెతకాలి, హిసాబ్ వెయ్యాలి. "ఎవరు తెచ్చారు" అనేది చాలాసార్లు ప్రశ్న కానే కాదు, ఇల్జామ్. 2020లో ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసి మన కౌమ్ నెత్తిన పెట్టారు. అందుకే మొదటి ప్రశ్నకు ఇల్మ్ ఏం జవాబ్ చెప్పిందో మన ఇళ్ళల్లో తెలిసి ఉండాలి.

ఆ జవాబ్‌లో పెద్ద హిస్సా మన గల్లీల పక్కనే తయారైంది. నేనుండేది నాచారం వైపు. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే సడక్ మనందరికీ తెలిసిందే. ఎన్‌జీఆర్ఐ పేరుతో మెట్రో స్టేషనే ఉంది. ఆ సడక్ మీదే ఐఐసీటీ ఉంది, సీసీఎంబీ ఉంది. సీసీఎంబీ అంటే కణాల గురించీ, జీవుల లోపలి అణువుల గురించీ తహ్కీక్ చేసే సర్కారీ ఇదారా. 1977లో మొదలైంది. పుష్ప మిత్ర భార్గవ దాని బానీ. డీఎన్ఏ వేలిముద్రల పని చేసే సీడీఎఫ్‌డీ కొన్నేళ్ళు మా నాచారంలోనే ఈసీఐఎల్ వెళ్ళే రోడ్డు మీద నడిచింది, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. రోజూ బస్సులో ఈ గేట్ల ముందు నుంచి ఫ్యాక్టరీ పనికో, కాలేజీకో పోయే మనలో ఎంతమందికి లోపల జరిగే పని తెలుసు? లాక్‌డౌన్ రోజుల్లో సడక్ సున్సాన్‌గా ఉన్నప్పుడు ఆ గేట్ల వెనక వైరస్ ఖాందాన్ షజ్రా రాస్తున్నారు.

ముందు కాగితాల మీద ఉన్న తారీఖ్ చూద్దాం. ముల్క్‌లో మొదటి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో తేలింది. వుహాన్‌లో మెడిసిన్ చదువుతూ ఇంటికొచ్చిన స్టూడెంట్ ఆ మరీజ్. ఫిబ్రవరి మొదటి రోజుల్లోనే కేరళలో ఇంకో ఇద్దరు స్టూడెంట్లకు తేలింది. ముగ్గురూ బాగయ్యారు. మన తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. దుబాయ్ వెళ్ళి బెంగళూరు మీదుగా ఊరికొచ్చిన నౌజవాన్. గాంధీ దవాఖానాలో ఇలాజ్ జరిగి ఆయనా క్షేమంగా ఇంటికెళ్ళాడు.

హైదరాబాద్‌కి ఇలాంటి "మొదటి కేసు" కొత్త కాదు. 2009లో స్వైన్ ఫ్లూ దునియా అంతా పాకుతున్నప్పుడు భారత్‌లో మొదటి కేసు ఖరారైంది ఇక్కడే, మే 16న. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా శంషాబాద్‌లో దిగిన 23 ఏళ్ళ ముసాఫిర్. అంతకు చాలా ముందు, 1957లో, ఆ ఏడాది ఫ్లూ సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో మద్రాసు రేవులో దిగింది. 1918 ఫ్లూ బొంబాయి రేవులో దిగింది. వబాకి రేవూ విమానాశ్రయమే దర్వాజాలు. ముసాఫిర్లు ఎక్కడ ఎక్కువగా దిగితే అక్కడే ముందు కనపడుతుంది. కారోబార్ కోసం, నౌకరీ కోసం, చదువు కోసం, జియారత్ కోసం, సైర్ కోసం వచ్చేవాళ్ళంతా ఆ దర్వాజాలోంచే వస్తారు.

కానీ ఇక్కడ ఒక బారీకీ ఉంది. "మొదటి కేసు" అంటే మొదట దొరికిన కేసు అని మాత్రమే. మొదట వచ్చిన కేసు అని కాదు. దొరకాలంటే ముందు వెతకాలి. వెతికిన చోటే దొరుకుతుంది. 2020 జనవరిలో మన విమానాశ్రయాల్లో మొదట చూసింది చైనా వైపు నుంచి వచ్చినవాళ్ళనే. పరదేశం నుంచి రానివాళ్ళకు, తేలిన మరీజ్‌తో కలవనివాళ్ళకు జ్వరం, దగ్గు వచ్చినా చాలా రోజులు టెస్టు లేదు. శ్వాస ఆడక దవాఖానాలో చేరిన ప్రతివాళ్ళకూ టెస్టు చెయ్యమని ఐసీఎంఆర్ చెప్పింది మార్చి 20న.

అదే ఐసీఎంఆర్ ఏప్రిల్‌లో ఒక హిసాబ్ బయటపెట్టింది. ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 2 దాకా తీవ్రమైన శ్వాస జబ్బుతో చేరిన 5,911 మందిని పరీక్షిస్తే 104 మందికి కరోనా తేలింది. ఆ 104 మందిలో 40 మంది పరదేశం వెళ్ళలేదు, ఏ మరీజ్‌నీ కలవలేదు. అంటే వాళ్ళకు ఎవరి నుంచి అంటిందో ఎవరికీ తెలియదు. వైరస్ అప్పటికే చప్పుడు లేకుండా బస్తీల్లో తిరుగుతోంది.

ఈ సంగతి మన ఒక్క ముల్క్‌దే కాదు. ఫ్రాన్స్‌లో అధికారికంగా మొదటి కేసులు 2020 జనవరి 24న తేలాయి. పారిస్ శివార్లలో ఆవిసెన్ అనే దవాఖానా ఉంది. 1935లో ముసల్మాన్ మరీజ్‌ల కోసం కట్టారు దాన్ని. తర్వాత మన ఇబ్న్ సీనా పేరే పెట్టారు, ఆవిసెన్ అంటే ఆయనే. ఆ దవాఖానా, దాని జోడీ దవాఖానా కలిసి నడిపే ఐసీయూ డాక్టర్లు ఫ్రిజ్‌లో దాచిపెట్టిన పాత నమూనాలు 14 బయటికి తీసి మళ్ళీ పరీక్షించారు. ఒకటి పాజిటివ్ వచ్చింది. ఆ మరీజ్ దవాఖానాకి వచ్చింది 2019 డిసెంబర్ 27న. అధికారిక తారీఖ్ కన్నా నాలుగు వారాలు ముందు! ఇటలీలో అయితే మిలాన్, టూరిన్ నగరాల మురుగునీటి పాత నమూనాల్లో డిసెంబర్ 18 నాటికే వైరస్ ఆనవాళ్ళు కనపడ్డాయి. ఆ మురుగునీటిలో ఎవరి పేరూ లేదు, మజ్‌హబ్ లేదు. తారీఖ్ మాత్రం ఉంది.

మరి దాచిన నమూనా లేకపోతే? అప్పుడు వైరస్‌నే గవాహీ అడగాలి. సీసీఎంబీ వాళ్ళు చేసింది అదే.

అదెలాగో అర్థం కావాలంటే ఒక పాత ఉర్దూ ప్రెస్సును తలుచుకోండి. కంప్యూటర్ రాకముందు అఖ్బార్, కితాబ్ ఏదైనా కాతిబ్ చేత్తో రాయాల్సిందే. ఒక కాతిబ్ నకల్ రాస్తూ ఒక నుక్తా వదిలేశాడనుకోండి. నుక్తా స్థానం మారితే ఖుదా కాస్తా జుదా అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ నకల్ చూసి రాసిన రెండో కాతిబ్ కూడా ఆ నుక్తా వదిలేస్తాడు. పైగా తన వంతుగా ఇంకో చోట ఒక హర్ఫ్ మారుస్తాడు. వందేళ్ళ తర్వాత పది నకళ్ళు ముందు పెట్టుకున్న ఉస్తాద్, ఏ గలతీ ఏ నకల్‌లో ఉందో చూసి, ఏది దేన్ని చూసి రాసిందో చెప్పేస్తాడు. హదీసు ఇల్మ్‌లో ఇస్నాద్ చూసే తరీకా మీకు తెలుసు. ఎవరు ఎవరి నుంచి విన్నారు, వాళ్ళు ఎవరి నుంచి విన్నారు అని సిల్సిలా పట్టుకుని మూలం దాకా వెళ్తారు. ఇదీ అలాంటి పనే.

కరోనా వైరస్ జీనోమ్ అంటే దాదాపు 30 వేల హర్ఫ్‌ల కితాబ్. అది మన ఒంట్లో తన నకళ్ళు తానే రాసుకుంటుంది. రాస్తూ రాస్తూ అప్పుడప్పుడూ గలతీ చేస్తుంది. మోటు లెక్కన ఒక సిల్సిలాలో నెలకు రెండు హర్ఫ్‌లు మారతాయి. ఈ గలతీలే గడియారం. ఒకే రోజు తీసిన రెండు నమూనాల మధ్య 8 హర్ఫ్‌ల తేడా ఉందనుకోండి. ఇద్దరికీ ఉమ్మడి దాదా నుంచి చెరో 4 మార్పులు వచ్చాయని సగటున అనుకోవచ్చు. నెలకు రెండు చొప్పున 4 మార్పులకు రెండు నెలలు. అంటే ఆ దాదా రెండు నెలల కిందటివాడు. అసలు హిసాబ్‌లో వందల జీనోమ్‌లు ఉంటాయి, కంప్యూటర్ లక్షల సార్లు లెక్క వేస్తుంది. జవాబ్ ఒక్క తారీఖ్‌గా రాదు, "ఫలానా రోజు నుంచి ఫలానా రోజు మధ్య" అని వస్తుంది. ఉసూల్ మాత్రం ఇంతే.

2020 జూన్ మొదట్లో సీసీఎంబీ, ఢిల్లీలోని ఐజీఐబీ కలిసి తమ తహ్కీక్ బయటపెట్టాయి. కొత్తగా 64 జీనోమ్‌లు చదివారు. అప్పటిదాకా ముల్క్ మొత్తం మీద చదివినవి కలుపుకుంటే 361. వాటిని షజ్రాలో పేర్చి చూస్తే ఒక కొత్త కొమ్మ కనపడింది. దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. భారత్ జీనోమ్‌లలో 41 శాతం ఆ కొమ్మలోవే. బయటి దునియా జీనోమ్‌లలో మాత్రం మూడున్నర శాతమే ఆ కొమ్మకు చెందాయి. దాని నిషానీలు నాలుగు. 6312, 13730, 23929, 28311 స్థానాల్లో హర్ఫ్ మారి ఉంటుంది. ఈ నాలుగూ కలిసి ఉంటే ఆ ఖాందాన్ వారసే.

ఆ కొమ్మ ఉమ్మడి దాదా ఎప్పటివాడు? 2020 ఫిబ్రవరి నెలవాడని లెక్క తేలింది. ముల్క్‌లో వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చిన నమూనాలే అయినా వాటి మధ్య తేడాలు చాలా తక్కువ. దీన్నిబట్టి ఆ సిల్సిలా ఒక చోట గుప్పున లేచి, కొద్ది రోజుల్లోనే ముల్క్ అంతా పాకి ఉంటుందని వాళ్ళు అంచనా వేశారు.

అదే వారం అఖ్బార్లలో ఇంకో తారీఖ్ మోగిపోయింది. తెలంగాణలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ తిరుగుతున్న వైరస్‌ల ఉమ్మడి మూలం 2019 నవంబర్ 26కీ డిసెంబర్ 25కీ మధ్య, సగటున డిసెంబర్ 11న ఉందని సైంటిస్టులు లెక్క కట్టారు. ఇంకేం, "కరోనా నవంబర్‌లోనే ఇండియాకి వచ్చేసింది" అని వాట్సాప్‌లో అఫ్వాలు. "నాకు డిసెంబర్‌లో వచ్చిన దగ్గు అదే భాయ్" అని నాకు ఎంతమంది చెప్పారో లెక్క లేదు.

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఉమ్మడి దాదా పుట్టిన తారీఖ్, ఖాందాన్ ఈ ఊరికి వచ్చిన తారీఖ్ ఒకటి కాదు. మా ఇంటి సంగతే తీసుకోండి. మా చాచా పిల్లలు ఉప్పల్‌కి వచ్చింది 1990లలో, మేము నాచారానికి వచ్చింది ఆ తర్వాత. మా ఇద్దరికీ ఉమ్మడి దాదా నల్గొండ జిల్లాలో పుట్టి అక్కడే మట్టిలో కలిశాడు. ఆయన ఏనాడూ ఉప్పల్ చూడలేదు. మమ్మల్ని పరీక్షించి "మీ ఉమ్మడి దాదా ఫలానా ఏడాది పుట్టాడు" అని ఎవరైనా చెప్తే అది నిజమే. "కాబట్టి మీ ఖాందాన్ ఆ ఏడాదే ఉప్పల్‌కి వచ్చింది" అంటే మాత్రం గలత్.

వైరస్ విషయంలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే అది మన ముల్క్‌కి ఒక్కసారి రాలేదు. పుణేలోని ఎన్‌ఐవీ వాళ్ళు కేరళ కేసుల్లో మొదటి రెండు జీనోమ్‌లు చదివినప్పుడే ఆ సంగతి తేలింది. ఆ రెండూ ఒకేలా లేవు. అంటే మొట్టమొదటి ఇద్దరు మరీజ్‌లే రెండు వేర్వేరు రాకలు! ఆ తర్వాత యూరప్ నుంచి కొన్ని సిల్సిలాలు వచ్చాయి, ఖలీజ్ దేశాల నుంచి ముసాఫిర్లు వచ్చారు, తూర్పు ఆసియా నుంచి వచ్చారు. ఇన్ని రాకల కొమ్మలు వెనక్కి వెళ్తూ వెళ్తూ ఎక్కడ కలుస్తాయి? అవి విడిపోయిన చోట. అది భారత్ కాదు, చైనా. అక్కడ వైరస్ మనుషుల్లో తిరగడం 2019 అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మధ్య లోపల మొదలై ఉంటుందని తర్వాతి తహ్కీక్‌లు అంచనా వేశాయి. కాబట్టి డిసెంబర్ 11 అనేది మన ఇంట్లో పుట్టిన బిడ్డ తారీఖ్ కాదు, దూరాన ఉన్న దాదా తారీఖ్ అనే నేను అర్థం చేసుకుంటాను. మన ముల్క్‌కి సంబంధించిన గట్టి తారీఖ్‌లు రెండే. కాగితం మీద జనవరి 30. ఏ3ఐ కొమ్మకు ఫిబ్రవరి.

ఇంకో బారీకీ. మొదట వచ్చిన మనిషి నుంచే వబా పాకిందని కూడా అనుకోలేం. అమెరికాలో మొదటి కేసు 2020 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలో తేలింది. తర్వాత ఆ రాష్ట్రంలో పెద్ద వబా వచ్చింది. ఆ మొదటి మరీజ్ నుంచే వచ్చిందని ముందు అనుకున్నారు. మైఖేల్ వొరోబీ అనే సైంటిస్టూ, ఆయన సాథీలూ జీనోమ్‌ల షజ్రా గీసి చూసి, కాదని తేల్చారు. ఆ మొదటి మనిషి సిల్సిలా అక్కడే ఆగిపోయింది. వబా రేపింది ఆ తర్వాత ఎప్పుడో వేరే దారిలో వచ్చిన వైరస్. మన కేరళ స్టూడెంట్లూ అంతే. వాళ్ళ పేరు చెప్పి ఎవరినైనా నిందించి ఉంటే అది జుల్మ్ అయ్యేది.

ఇక మన గాయం దగ్గరికి వద్దాం.

2020 మార్చి మధ్యలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ ఇజ్తిమా జరిగింది. అక్కడ వైరస్ పాకింది. అది ఇన్కార్ చెయ్యాల్సిన పని లేదు. వెళ్ళొచ్చినవాళ్ళలో తెలంగాణకు చెందిన ఆరుగురు చనిపోయారని మార్చి 30న మన రాష్ట్ర సర్కార్ చెప్పింది. అల్లా వాళ్ళకు మగ్‌ఫిరత్ ఇవ్వుగాక. మూసిన గదుల్లో, ఒకే దస్తర్‌ఖాన్ మీద, వందల మంది రోజుల తరబడి ఉంటే ఏ వైరస్ అయినా పాకుతుంది. అది పెళ్ళి షామియానా అయినా, జాతర అయినా, ఆఫీసు మీటింగ్ అయినా ఒకటే.

కానీ ఆ తర్వాత జరిగింది వేరు. రోజూ సాయంత్రం బ్రీఫింగ్‌లో ఒక్క జమాత్ కేసుల్నే విడిగా లెక్క చెప్పారు. ఏప్రిల్ 18 నాటికి ముల్క్‌లోని 14,378 కేసుల్లో 4,291 వాటికి సంబంధించినవని కేంద్రం చెప్పింది. ఆ లెక్క నిజమే అనుకుందాం. కానీ దాన్ని ఎలా చదవాలి? ఒక జమాత్‌కి వెళ్ళినవాళ్ళనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ, వాళ్ళను కలిసినవాళ్ళనీ ఊరూరా వెతికి టెస్టు చేస్తే వాళ్ళలో కేసులు ఎక్కువ దొరుకుతాయి. మిగతావాళ్ళని అంత గట్టిగా వెతకకపోతే వాళ్ళలో తక్కువ దొరుకుతాయి. టార్చిలైటు వేసిన మూలే వెలుగుతుంది. గదిలో మిగతాదంతా ఖాళీ అని దాని అర్థం కాదు. ఇందాక చెప్పిన ఆ 40 మంది మరీజ్‌లు టార్చిలైటు పడని మూలలోవాళ్ళు.

ఆ రోజుల్లో మా మొహల్లా పక్క కాలనీలోకి కూరగాయల బండి తోసుకెళ్ళే భాయ్‌ని పేరడిగి వెనక్కి పంపారు. పేరు చెప్పడం తప్ప ఆయన చేసిన కసూర్ ఏమీ లేదు. రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. తరావీ ఇళ్ళల్లోనే చదివాం. ఈద్ నమాజ్ కూడా ఇళ్ళల్లోనే. వబా ఉన్న చోటికి వెళ్ళొద్దు, ఉన్న చోటి నుంచి బయటికి రావొద్దన్న తాలీమ్ మన దగ్గర పధ్నాలుగు వందల ఏళ్ళుగా ఉంది. దాన్ని పాటిస్తూ కూర్చున్న ఇళ్ళ మీదే ఆ ఇల్జామ్ పడింది.

మరి జీనోమ్ ఏం చెప్పింది? ఏ3ఐ కొమ్మ దాదా ఫిబ్రవరివాడు. ఇజ్తిమా మార్చి మధ్యలో జరిగింది. అంటే అప్పటికే ఆ సిల్సిలా నడుస్తోంది. ఇంతకు మించి జీనోమ్‌తో నేను ఏమీ చెప్పించను. అది మనల్ని బరీ చేసిందని కూడా చెప్పను. ఎందుకంటే అది అదాలత్ కాదు. ఆ 30 వేల హర్ఫ్‌లలో ఎవరి కౌమ్ రాసి లేదు, టోపీ రాసి లేదు. నెల చెప్పగలదు, ఏ కొమ్మో చెప్పగలదు. ముజ్రిమ్ పేరు చెప్పమంటే చెప్పలేదు. చెప్పిందని ఎవరన్నా అంటే వాళ్ళు సైన్స్ పేరుతో అబద్ధం ఆడుతున్నట్టే, అది మనవాళ్ళయినా సరే.

అదాలత్‌లు చెప్పాల్సింది అదాలత్‌లు చెప్పాయి, ఆలస్యంగానైనా. 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది పరదేశీ జమాతీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనపడుతోందని రాసింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది పరదేశీలను బరీ చేసింది. 70 మంది భారతీయుల మీద ఉన్న 16 కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టేసింది. ఇల్జామ్ ఒక రాత్రిలో ఇంటింటికీ చేరింది. ఫైసలా రావడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ ఫైసలా మన పక్కింటికి చేరిందా? మనం చెప్తే తప్ప చేరదు.

ఇలా బద్నామ్ అయింది మనమొక్కరమే కాదు. ఎయిడ్స్ వబా మొదలైన రోజుల్లో గేటన్ డుగాస్ అనే కెనడా విమాన ఉద్యోగిని అమెరికాకి ఆ జబ్బు తెచ్చినవాడిగా దునియా మొత్తం చూసింది. ఆయన 1984లో చనిపోయాడు, తన తరఫున మాట్లాడుకునే మౌకా కూడా లేదు. మూలం ఏమిటో తెలుసా? ఆ రోజుల్లో డాక్టర్లు గీసిన ఒక పటంలో ఆయనకు "ఓ" అనే అక్షరం పెట్టారు, కాలిఫోర్నియా బయటివాడు అని చెప్పడానికి. ఆ "ఓ"ని చదివినవాళ్ళు సున్నా అనుకున్నారు. సున్నా నంబర్ మరీజ్, అంటే అందరికన్నా మొదటివాడు అని కథ అల్లుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటాక 2016లో, ఇందాక చెప్పిన వొరోబీయే, 1970ల చివర దాచిన రక్తం నమూనాల నుంచి వైరస్ జీనోమ్‌లు చదివాడు. ఆ వైరస్ 1970 ప్రాంతంలోనే కరీబియన్ దీవుల నుంచి న్యూయార్క్ చేరిందనీ, డుగాస్ వైరస్ ఆ షజ్రాలో మధ్యలో ఎక్కడో ఒక మామూలు కొమ్మనీ తేలింది. ఒక్క హర్ఫ్ తప్పు చదివితే ఒక మనిషి ఇజ్జత్ ముప్పై ఏళ్ళు మట్టిలో కలిసింది.

వబా దారి వెతకడం మన తారీఖ్‌లో కొత్త పని కూడా కాదు. ఏడు వందల ఏళ్ళ కిందట నల్ల ప్లేగు షామ్ దేశాన్ని ముంచినప్పుడు హలబ్ నగరంలో ఇబ్నుల్ వర్దీ అనే ఆలిమ్ ఉండేవాడు. వబా ఏ ముల్క్‌లో పుట్టి, ఏ ముల్కుల మీదుగా, మిస్ర్ దాటి, గాజా దాటి తన ఊరి దాకా ఎలా వచ్చిందో రిసాలా రాశాడు. 1349లో ఆ వబాలోనే ఆయనా వఫాత్ అయ్యాడు. ఆయన చేతిలో జీనోమ్ లేదు. ముసాఫిర్లు, తాజిర్లు తెచ్చిన ఖబర్లే ఉన్నాయి. అయినా దారి రాశాడు.

మన ఉప్పల్ కథకు ముగింపు ఏమిటంటే, ఆ ఏ3ఐ ఖాందాన్ ఎక్కువ కాలం నిలవలేదు. సీడీఎఫ్‌డీ వాళ్ళు తెలంగాణలో మార్చి నుంచి జులై దాకా సేకరించిన 210 నమూనాల జీనోమ్‌లు చదివితే, నెలలు గడిచేకొద్దీ వేరే కొమ్మ పైచేయి సాధించడం కనపడింది. స్పైక్ అనే ముల్లులో 614వ స్థానం మారిన కొమ్మ అది, దునియా అంతటా గెలిచింది అదే. ఇక ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి, నగరంలో దాదాపు ఆరు లక్షల అరవై వేల మందికి అప్పటికే వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టాయి. ఈ హిసాబ్‌లో ఎన్నో మొహల్లాల నీళ్ళు కలిసే ఉన్నాయి.

ఇదంతా చదివాక మీరు చేయగల పని ఒకటుంది. పారిస్‌లో తారీఖ్ మారింది ఎవరో ఒక నమూనా పారేయకుండా దాచినందుకు. డుగాస్ ఇజ్జత్ తిరిగొచ్చింది ఎవరో రక్తం సీసాలు దాచినందుకు. మన ఇళ్ళల్లో కూడా 2020 నాటి కాగితాలున్నాయి. దవాఖానా చీటీలు, టెస్టు రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, లాక్‌డౌన్ పాసులు, ఖబ్రస్తాన్ రసీదులు. వాటిని అటక మీద ఎలకలకు వదిలేయకండి. ఒక కవర్లో పెట్టి పైన తారీఖ్ రాయండి. ఇంట్లో ఎవరికి జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ దవాఖానా చుట్టూ తిరిగారు, జనాజాకి ఎంతమందిని రానిచ్చారు, గల్లీలో ఎవరు మాట అన్నారు, ఎవరు బియ్యం బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు, అన్నీ రాయించండి. అమ్మీలకు, నానీలకు గుర్తున్నప్పుడే రాయించండి. రాసేటప్పుడు విన్నది వేరుగా, చూసింది వేరుగా రాయండి. పక్కింటి హిందూ కుటుంబం సాయం చేసి ఉంటే అది కూడా అంతే జాగ్రత్తగా రాయండి, ఎందుకంటే అదీ హకీకతే.

ఇంకో వబా ఎప్పుడో వస్తుంది, అల్లా రక్షించుగాక. అప్పుడూ "ఎవరు తెచ్చారు" అని అడుగుతారు. ఆ రోజు మన పిల్లల చేతిలో కోపం మాత్రమే ఉంటే చాలదు, కాగితం ఉండాలి, తారీఖ్ ఉండాలి.